నేను కత్తిరించిన పదిహేను సెకన్లు

సినిమా విడుదలైన ఆరో రోజు, బుధవారం పొద్దున్నే, నిర్మాత గారు ఫోన్ చేసి టెలిఫోన్ బూత్ సీన్ తీసెయ్యమన్నారు.

"సరే, బాగానే తీశాం. కానీ జనం లాగ్ అంటున్నారమ్మా. నాలుగు నిమిషాలు ఒకడు ఫోన్ వంక చూస్తూ నిలబడితే ఎవడు భరిస్తాడు? రేపు సాయంత్రం ఆరింటికల్లా అది లేని కాపీ థియేటర్లకు వెళ్లిపోవాలి. లేకపోతే ఎల్లుండి సగం థియేటర్లలో మనది ఎత్తేస్తారు."

ఆయన ఏ మాటనైనా సరేతో మొదలుపెట్టి కానీతో తిప్పుతారు. అందుకే, ఆయన వినని చోట, యూనిట్ మొత్తం ఆయన్ని సరేకానీ గారనే పిలుస్తుంది. నేను ఎడిటర్ని. పదహారేళ్లుగా ఇతరుల సినిమాలు కత్తిరించి బతుకుతున్నాను. తీసెయ్యమంటే తీసెయ్యడం నాకు కొత్త కాదు, పది నిమిషాల పని. కానీ ఈ సినిమా దర్శకుడు మా బావ.

అక్క మొగుడు. ఇరవై రెండేళ్లు పరాయి దర్శకుల దగ్గర క్లాపు కొట్టి, ఎండలో వాళ్లకు గొడుగులు పట్టి, నలభై ఎనిమిదో ఏట తొలి సినిమా తీశాడు. అందులో ముందు రాసుకున్నది ఆ బూత్ సీన్. మిగతా రెండు గంటల పది నిమిషాలూ దాని చుట్టూ అల్లుకున్నవే. దాన్ని తీసేసి సినిమా ఆడించడమంటే పెళ్లికొడుకును దారిలో దింపేసి పెళ్లిబస్సును ముందుకు తోలడమే.

కథ చెబితే మీకే తెలుస్తుంది. ఫోటో స్టూడియోలో పనిచేసే ఒక అమ్మాయి పాత కెమెరా ఒకటి బాగుచేస్తుంది. ఫ్లాష్ వెలగగానే ముప్పయ్యారేళ్లు వెనక్కి వెళ్లిపడుతుంది. అక్కడ ఒక అబ్బాయి పరిచయమవుతాడు. ఒక పగలంతా సైకిల్ మీద తిరుగుతారు, పోట్లాడుకుంటారు, మనసులు కలుస్తాయి. గురువారం నాలుగింటికి ఈ బూత్‌కు ఫోన్ చేస్తానని మాటిచ్చి, ఫ్లాష్ వెలగడంతో మన కాలానికి వచ్చేస్తుంది. మర్నాడు మళ్లీ కెమెరా నొక్కి వెళ్తే లెక్క తప్పి పదేళ్లు ఇవతల పడుతుంది. అమ్మాయికి గడిచింది ఒక్క రోజు. అబ్బాయికి పదేళ్లు. ఆ పదేళ్లూ అతను ప్రతి గురువారం నాలుగింటికి బూత్‌కు వస్తూనే ఉన్నాడు. ఆమె రోడ్డుకు అవతల నిలబడి అతన్ని చూస్తుంది. నాలుగు నిమిషాలు మాట ఉండదు, పాట ఉండదు. చివరికి ఎదురుగా ఉన్న కొట్టులోంచి ఆమె నంబరు కలుపుతుంది. ఫోన్ మోగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఎడిటింగ్ టేబుల్ ముందే ఏడ్చాను, సిగ్గెందుకు.

మరి జనం? పుర్రెకో బుద్ధి అంటారే, మా సినిమా పుర్రెలన్నీ లెక్కపెట్టి చూపించింది. సరేకానీ గారి మనుషులు థియేటర్ల దగ్గర నిలబడి చీటీల మీద అభిప్రాయాలు రాయించి ఒక అట్టపెట్టెలో నాకు పంపారు. పెట్టె నేల మీద బోర్లించి చదవడానికి కూర్చున్నాను. 'మా ఆవిడ సినిమా హాల్లో నా చెయ్యి పట్టుకుని ముప్పయ్యేళ్లయింది. నిన్న పట్టుకుంది.' 'తలుపు దగ్గర దిండ్లు పంచండి.' 'బూత్ సీన్ ఒక్కటి చాలు, మళ్లీ వస్తాం.' 'బూత్ సీన్‌లో బయటికెళ్లి కాఫీ తాగి వచ్చాను, వాడింకా అక్కడే ఉన్నాడు.' 'పాత రోజులు బాగున్నాయి, సినిమా బాగాలేదు.' ఒకరు బంగారమన్న దాన్నే ఇంకొకరు మట్టన్నారు. పర్వాలేదు అన్నవాళ్లు లేనే లేరు.

నాకు ఒళ్లు మండింది. లోకులు కాకులు, ఏదో ఒకటి కూస్తారని చీటీలన్నీ మళ్లీ పెట్టెలోకి తోశాను. అప్పుడే అక్క కూతురు వచ్చింది. పదిహేడేళ్లది. కాలేజీ పక్క వీధిలోనే, ఖాళీ గంట దొరికితే నా గదికి వచ్చి ఏసీలో కూర్చుంటుంది. వాళ్ల నాన్న సినిమాను మూడుసార్లు చూసింది, స్నేహితులను పోగేసి మరీ తీసుకెళ్లింది. అది కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"పిన్నీ, ఒకటడుగుతా. తిట్టవుగా?"

"తిట్టాల్సిందైతే తిడతా. అడుగు."

"బూత్‌లో అతను ఎవరి ఫోన్ కోసం చూస్తుంటాడు?"

"ఇంకెవరే? ఆ అమ్మాయి కోసం! పదేళ్లుగా ప్రతి గురువారం చూస్తున్నాడుగా."

"పదేళ్లా? ముందు రోజే కదా ఇద్దరూ సైకిల్ మీద తిరిగారు?"

"ఆ అమ్మాయికి ముందు రోజు. అతనికి పదేళ్లు. మీసం వచ్చింది, చూడలేదూ?"

అది తల గోక్కుంది. "మీసం సంగతి మేకప్ వాళ్లు మర్చిపోయారనుకున్నా పిన్నీ. ఒక సీన్‌లో పెట్టి ఒక సీన్‌లో పెట్టలేదని. మా ఫ్రెండ్స్ నవ్వారు కూడా. నాన్న బాధపడతాడని ఇంట్లో అనలేదు."

"మీసం సరే, ఫోన్ చూడలేదా? ముందు బూత్‌లో ఉన్నది వేలుపెట్టి తిప్పే డయల్ ఫోన్. తర్వాత ఉన్నది బటన్ల ఫోన్. గుడ్డివాడికైనా తెలుస్తుంది కదే!"

"రెండూ పాత ఫోన్లేగా పిన్నీ" అంది అమాయకంగా.

తిట్టడానికి నోరు తెరిచాను. వెంటనే మూసేశాను. ఎందుకంటే ఆ పదేళ్లను సినిమాలోంచి తీసేసింది ఎవరో నాకు బాగా తెలుసు.

బావ రాసినదాంట్లో రెండు చిన్న షాట్లు ఉండేవి. అమ్మాయి రెండుసార్లూ ఒక సెలూన్ ముందే వచ్చి పడుతుంది. మొదటిసారి లోపలి గోడ మీద క్యాలెండర్ చూసి, సంవత్సరం పైకి చదివి కేక పెడుతుంది. గడ్డం గీస్తున్నాయన తల తిప్పకుండా, "అరవకండమ్మా, వరసలో కూర్చోండి" అంటాడు. ఆరు సెకన్లు. రెండోసారి అదే సెలూన్, అదే మనిషి, పొట్ట పెరిగింది, గోడ మీద పదేళ్ల తర్వాతి క్యాలెండర్. ఆమెను చూసి ఒక మాటంటాడు. తొమ్మిది సెకన్లు. రెండూ కలిపి పదిహేను. కాలంలో ప్రయాణం చేసే ప్రతి సినిమాలోనూ క్యాలెండరో పేపరో చూపిస్తారు, అరిగిపోయిన వ్యవహారం, మన జనం తెలివితక్కువవాళ్లు కాదని వాదించి నేనే తీయించాను. బావ రెండుసార్లు "ఉంచుదామా?" అని నసిగాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకాన్ని. వాదనలో గెలిచాను.

అసలు తప్పు దానికి ముందే జరిగింది. ప్రివ్యూకు ఎవరిని పిలిచాం? బావ స్నేహితులు, అక్క స్కూల్లో పనిచేసే టీచర్లు, సరేకానీ గారి వియ్యంకుడు, ఆయన తమ్ముళ్లు. ఆ హాల్లో నలభై ఒక్కేళ్ల నేనే చిన్నదాన్ని. డయల్ ఫోన్ కనబడగానే అందరూ ఏ సంవత్సరమో వేళ్ల మీద చెప్పేశారు. ఈ పిల్లకు ఆ రోజు పరీక్ష. అందుకని రాలేదు.

అయినా ఒక్క పిల్ల మాట పట్టుకుని నిర్ణయానికి రాకూడదు. నాకు పని నేర్పిన ఎడిటర్ గారికి ఒక పద్ధతి ఉండేది. తెర పక్కన మూలగా కుర్చీ వేసుకుని, తెరకు వీపు పెట్టి కూర్చునేవారు. "సినిమాను టేబుల్ మీద వెయ్యిసార్లు చూశావు. ఇక్కడ చూసేవాళ్లను చూడు" అనేవారు. ప్రతి సినిమాకూ అలాగే కూర్చునేదాన్ని. మా బావ సినిమాకు మాత్రం ప్రివ్యూలో వాళ్లంతా ఏడ్చారుగా అని కూర్చోలేదు. అదే అహంకారమంటే.

ఆ మధ్యాహ్నం ఆటకు వెళ్లాను. మేనేజర్ తెలిసినాయనే కాబట్టి ముందు వరస చివర ఒక స్టూలు వేయించాడు. మొదటి గంట బాగానే నవ్వారు. రెండోసారి కాలం మారగానే హాలు రెండుగా చీలిపోవడం కళ్లారా చూశాను. తల నెరిసినవాళ్లు ముందుకు వంగారు. కుర్రవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక అమ్మాయి పక్కవాణ్ని ఏదో అడిగింది, వాడు తెలీదన్నట్టు పెదవి విరిచాడు. బూత్ సీన్ మొదలైన అరనిమిషానికి జేబుల్లోంచి ఫోన్లు బయటికి వచ్చాయి. చీకట్లో ఒక్కొక్క మొహమే తెల్లగా వెలిగింది. ముప్పై ఆరు దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఆ వెలిగిన మొహాల మధ్య ఒక పెద్దావిడ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. వాళ్లు చూసింది ఒకే సినిమా కాదు. నేనే దాన్ని రెండు చేశాను.

బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర, టోపీ కళ్ల మీదికి లాక్కుని బావ నిలబడి ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం ఆటకు వచ్చి, జనం ఏమనుకుంటున్నారో వింటున్నాడట. సీన్ తీసెయ్యమన్న ఫోన్ పొద్దున తనకూ వచ్చిందట. పక్కకు లాక్కెళ్లాను.

"బావా, తప్పు నాది. సీన్‌ది కాదు. క్యాలెండర్ తీసేయడం వల్ల పదేళ్లు ఎవరికీ తెలియట్లేదు."

బావ టోపీ తీశాడు. "తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"శనివారం నుంచి. ఇద్దరు కుర్రాళ్లు మీసం ఒక్క రోజులో ఎలా వచ్చిందిరా అని వాదించుకుంటూ దిగారు. అప్పుడే అర్థమైంది."

"మరి నోరెందుకు విప్పలేదు?"

"విప్పితే నిర్మాత ఎవరు తీశారని అడుగుతాడు. వచ్చే నెల మొదలయ్యే పెద్ద సినిమా నీకిస్తానన్నాడుగా. అది పోతుంది. పదహారేళ్ల నుంచి అలాంటిదాని కోసం చూస్తున్నావు. నాదేముందిలే, నాలుగు నిమిషాలు. పోతే పోయింది."

ఇంకొకరైతే కళ్లనీళ్లు పెట్టుకునేవారేమో. నాకు మాత్రం చెడ్డకోపం వచ్చింది.

"ఇరవై రెండేళ్లు గొడుగులు పట్టి పట్టి నీకిదే అలవాటైంది బావా. ఎండ నీకు, నీడ పక్కవాడికి. నా మీద పట్టకు. నేను తడుస్తా, ఎండుతా, నా ఇష్టం."

"మెల్లగా! జనం చూస్తున్నారు."

"చూడనీ. రేపు పొద్దున ఆయన దగ్గరికి వెళ్తున్నా. నువ్వొచ్చినా రాకపోయినా సరే."

"మీ అక్కకు తెలిస్తే నన్ను బతకనివ్వదే."

"చెప్పకపోతే నేను బతకనివ్వను. ఎవరి చేతిలో పోతావో తేల్చుకో."

రాత్రి మనసు ఒకటి రెండుసార్లు వెనక్కి లాగింది. అబద్ధమెందుకు, ఆ పెద్ద సినిమా నాకు కావాలి. పెద్ద బ్యానర్, పెద్ద హీరో, తెర మీద నా పేరు ఒంటరిగా పడే అవకాశం. ఇంకా నాలుగైదేళ్లు పోతే అలాంటివి నాకెవరూ ఇవ్వరు. ఒక్క సీన్ తీసేసి ఊరుకుంటే అన్నీ సర్దుకుంటాయి. కానీ మధ్యాహ్నం చూసిన ఆ మొహాలు కళ్లముందు నుంచి పోవే! వాళ్లకు అందకుండా చేసింది నేను, శిక్ష బావ సీన్‌కు.

గురువారం తొమ్మిదింటికి సరేకానీ గారి ఆఫీసులో ఉన్నాను. బావ కూడా వచ్చాడు, బలవంతంగా పళ్ల డాక్టరు దగ్గరికి తెచ్చినట్టు కూర్చున్నాడు. బల్ల మీద 'విజయవంతమైన రెండో వారం' అని రాసిన పోస్టర్ నమూనాలు పరిచి ఉన్నాయి. విజయం సంగతి తేలకముందే అక్షరాల రంగు తేల్చే పనిలో ఉన్నారాయన. నేను చుట్టూ తిప్పకుండా కుండబద్దలు కొట్టాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచారు. "సరే, నువ్వే తీశావు. కానీ ఎవరికి తెలుసమ్మా? సీన్ తీసేస్తే గొడవ వదిలిపోతుందిగా?"

"వదలదండీ. సీన్ తీసినా మీసం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు. కడుపునొప్పికి కాలికి కట్టు కడితే ఏం లాభం? ఆ పదిహేను సెకన్లు పెట్టనివ్వండి, నాలుగు నిమిషాలూ వాటంతటవే నిలబడతాయి."

"నిలబడకపోతే?"

"నా పేరు చెప్పండి."

"అదెలాగూ చెప్పాలి" అన్నారాయన, ఈసారి మాట తిప్పకుండా. "రెండో వారంలో సినిమా మార్చామంటే పెద్ద హీరో గారి మనుషులు ఎందుకని అడుగుతారు. ఎడిటింగ్‌లో పొరపాటు జరిగిందని చెప్తే ఆ సినిమా నీ చేతికి రానివ్వరు."

బావ లేచాడు. "అక్కర్లేదండీ. సీన్ తీసేద్దాం. నేను ఒప్పుకుంటున్నా."

"కూర్చో బావా" అన్నాను. గట్టిగానే అన్నానేమో, బావతోపాటు సరేకానీ గారు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "చెప్పండి సార్. జరిగిందే చెప్పండి. రాకపోతే మానె."

ఆయన ఒక పోస్టర్ తిరగేసి, పెన్ను నా వైపు తోశారు. సీన్ ఉంచింది ఎడిటర్ పట్టుదల మీదేనని, మంచైనా చెడైనా బాధ్యత నాదేనని రాసిమ్మన్నారు. రాసి సంతకం పెట్టాను.

పదకొండింటికి పనిలో కూర్చున్నాం. ఆ రెండు షాట్లూ ముందే పక్కన పడేసినవి కాబట్టి వాటికి రంగు దిద్దలేదు, శబ్దం చేర్చలేదు. రంగులు చూసేవాడు గొణుక్కుంటూనే రెండు గంటల్లో దిద్దిపెట్టాడు. సెలూన్ అంటే కత్తెర చప్పుడు ఉండాలిగా, మైకు ముందు కూర్చుని కాగితాలు కత్తిరించే కత్తెరతో నేనే కచకచలాడించాను. "ఆయన గడ్డం గీస్తున్నాడే, కత్తెరెందుకు?" అన్నాడు బావ. పక్క కుర్చీలో ఇంకొకరికి క్రాపు చేస్తున్నారనుకోమన్నాను. రెండు రోజుల్లో బావ నవ్వడం అదే మొదటిసారి. అయిదూ యాభై రెండుకు కాపీ వెళ్లిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ అదే థియేటర్లో, తెరకు వీపు పెట్టుకుని కూర్చున్నాను. వెనక వరసలో అక్క, బావ. హాల్లో సగం పైగా కాలేజీ పిల్లలే. రెండోసారి అమ్మాయి సెలూన్ ముందు పడింది. పొట్ట పెరిగిన ఆ మనిషి అద్దంలోంచి ఆమెను చూసి, "పదేళ్ల కింద వరస తప్పించి పోయావు. ఇప్పుడొచ్చి ముందు కూర్చుంటానంటే కుదరదు" అన్నాడు. హాలు ఘొల్లున నవ్వింది. మొత్తం సినిమాలో అంత పెద్ద నవ్వు ఇంకెక్కడా రాలేదు. ఆ నవ్వును నా చేత్తో చెత్తలో పడేశానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

బూత్ సీన్ వచ్చింది. మొదటి నిమిషం గడిచింది. ఎవరూ కదల్లేదు. రెండో నిమిషంలో వెనకెక్కడో రెండు మొహాలు వెలిగి, ఆరిపోయాయి. మూడో నిమిషం సగానికి వచ్చాక అయిదో వరసలో ఒక కుర్రవాడి జేబులో ఫోన్ మోగింది. ఇంక అంతే. ముందువాళ్లు వెనక్కి తిరిగారు, వెనకవాళ్లు లేచారు.

"కట్ చెయ్‌రా బాబూ!"

"ఆ ఫోన్ మోగాలిరా, నీది కాదు!"

కుర్రవాడు కంగారుగా జేబంతా తడుముకుని ఎలాగో ఆపాడు. హాలు మళ్లీ నిశ్శబ్దమైంది. చివరికి తెర మీద మోగినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఈలలు వెయ్యలేదు. ఒక్కసారిగా అందరూ ఊపిరి వదిలారు. ఆ చప్పుడు నా చెవులతో విన్నాను. నా కళ్ల నిండా నీళ్లు నిండి, ఆ మొహాలన్నీ మసకబారాయి.

బయటికి వచ్చాం. సరేకానీ గారి మెసేజ్ అప్పటికే ఫోన్‌లో ఉంది. పెద్ద సినిమాకు వేరే ఎడిటర్‌ను పెట్టుకున్నారట. బావకు చూపించకుండా ఫోన్ సంచిలో పడేశాను. బాధ లేదని అబద్ధమాడను, చాలానే వేసింది. అక్క ఎవరితోనో మాట్లాడుతూ వెనకబడింది. మా ముందు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు మెట్లు దిగుతున్నారు.

"నాకస్సలు నచ్చలేదు" అంది మొదటిది. "పదేళ్లు నిలబెట్టి, వచ్చి సారీ కూడా చెప్పలేదు. అలాంటిదాన్ని అతనెందుకు చేసుకోవాలి?"

"దానికి ఒక్క రోజేగా గడిచింది! దానికేం తెలుసు?"

"తెలియకపోతే అడగాలి. ఎలా ఉన్నావని ఒక్క మాట అడగదా మనిషన్నాక? నేనైతే ఆ ఫోన్ ఎత్తి పెట్టేసేదాన్ని."

బావ గబగబా రెండు మెట్లు దిగాడు. "అది కాదమ్మా, ఆ అమ్మాయి సారీ ఎందుకు చెప్పలేదంటే..."

చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"ఊరుకో బావా."

"నచ్చలేదంటోందే! ఒక్క నిమిషం చెప్తే అర్థమవుతుంది."

"అర్థమయ్యే నచ్చలేదు. వాళ్ల గొడవ వాళ్లను పడనీ."

ఆ అమ్మాయిలు బస్టాపు దాకా తగువులాడుకుంటూనే వెళ్లారు. మేమిద్దరం వెనకాలే నడిచాం, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటూ.